ఎర్ర చీటీ

మైనస్ ముప్పై ఎనిమిది.
ఫోను ఎత్తగానే ముందు వినిపించేది మాట కాదు,
పళ్లు.
ముప్పై తొమ్మిదేళ్లుగా విన్నిపెగ్‌లో ఇదే నా కొలువు:
టకటకలాడే పళ్లలోంచి ఇంటి నంబరు ఏరుకోవడం,
దాన్ని ఓరెస్ట్ బాజియుక్ వ్యానుకి చేరవెయ్యడం.

ఊరంతా నాకు కంఠతా వచ్చు,
ఒక్క గడపా తొక్కలేదు.
బరోస్ అవెన్యూ అంటే అరిగిన బ్లోయర్ బేరింగు.
మెక్‌గ్రెగర్ వీధి మూలమీది ఇల్లంటే
ఎన్నిసార్లు చెప్పినా ఫిల్టరు మార్చని మొగుడు,
వెనకాల పెళ్లాం తుమ్ములు.
జూలైలో మళ్లీ అవే ఇళ్లు. గొంతులే వేరు.
చలికాలపు జనం బతిమాలతారు,
ఎండాకాలపు జనం తిడతారు.
ఏసీ చల్లబడకపోతే కంప్రెసర్ నేనే అన్నట్టు.

ఓరెస్ట్ నేలమాళిగ మెట్లు దిగి, చేతితొడుగు తీసి,
ఫర్నేస్ రేకు మీద అరచెయ్యి ఆనించి
కాసేపు ఊరికే నిలబడేవాడట,
చూలాలైన ఆవు కడుపు తడిమే రైతులా.
డాఫిన్ దగ్గర వాళ్ల నాన్న అలాగే తడిమేవాడు.

బ్లోయర్ల హోరుకి కుడి చెవి ఎప్పుడో పోయింది.
రేడియోలో ప్రతి అడ్రసూ రెండుసార్లు చెప్పాలి.
అలా అలవాటై
అతనితో ఏదన్నా రెండేసి సార్లే అన్నాను,
అతని భార్య పోయిన రోజు
పలికిన ఆ ఒక్క ఓదార్పు మాటతో సహా.

ఎనభై ఏడు జనవరి.
క్లిమ్‌చుక్ ముసలమ్మ ఫర్నేస్‌లో
వేలి గోరంత పగులు.
గ్యాస్ కట్టేసి, ఎర్ర చీటీ వేలాడదీశాడు.
ఆవిడ నాకు ఫోను చేసి
తెలిసిన భాషలో కొన్ని, తెలియని భాషలో కొన్ని
శాపనార్థాలు పెట్టింది.
"నిద్రలో తెలియకుండా పోయేకంటే
మేలుకుని వణకడం నయం" అన్నాడు ఓరెస్ట్.
తన ఇంట్లోంచి రెండు కరెంటు హీటర్లు మోసుకొచ్చి
తెల్లవార్లూ ఆవిడ వంటింట్లో కూర్చున్నాడు.
ఓవర్‌టైం అతను రాయలేదు.
నేను రాశాను.

తరవాత జోవెలిన్ మకరైగ్ చేరింది,
ఆరేళ్లప్పుడు మనీలా నుంచి వచ్చి
ఈ మంచులోనే పెరిగిన పిల్ల.
మొదటి రోజు "చేతులు మరీ చిన్నవి" అని గొణిగాడు.
మూడో వారం "నా చెయ్యి దూరని చోట దూరుతోంది" అన్నాడు.
అతని నోట అంతకు మించిన పొగడ్త నేను వినలేదు.

నలభై ఒక్కేళ్లు చేసి దిగిపోయాడు.
ఒక కేకు కోశాం. చాకు దొరక్క
అతని రేకు కత్తెరతోనే.

పోయిన ఫిబ్రవరి, అర్ధరాత్రి దాటాక ఫోను.
పళ్లు. మాట లేదు.
అడ్రసు నేను అడగలేదు.
జోవెలిన్‌ని పంపాను.

గంటకి మళ్లీ అతనే, ఈసారి మాటతో:
"గ్యాస్ కట్టేసింది! నా ఇంట్లో, నాకు!
ఎర్ర చీటీ కట్టింది!"
విన్నానని చెప్పినా రెండోసారి అరిచాడు.
తరవాత చాలాసేపు ఏమీ లేదు.
ఆగిపోయిన ఇల్లు ఎలా ఉంటుందో
ఫోనులోంచి కూడా తెలుస్తుంది.

"రెండు శీతాకాలాలుగా ఆ చప్పుడు ఎరుగుదును" అన్నాడు.
"మంచి చెవిని దిండుకి ఆనించి పడుకునేవాణ్ణి."

నేనేమీ అనలేదు, ఒక్కసారి కూడా.

అటు పక్క ఎవరో మెట్ల మీద
బరువుగా ఏదో ఈడ్చుకొస్తున్న చప్పుడు,
ప్లగ్గు గోడలోకి దిగిన చప్పుడు,
"జరగండి, బాస్" అన్న ఆడగొంతు.

తెల్లారి చూస్తే జోవెలిన్ పేరు పక్కన
ఓవర్‌టైం గడి ఖాళీ.
ఇప్పుడు పెన్సిలు లేదు, కంప్యూటరు తెర.
కారణం రాస్తేగాని ముందుకి పోనివ్వదు.
వేళ్లు మీటల మీద పెట్టి ఆలోచిస్తున్నాను.
రెండో లైను మోగుతోంది.
ఎత్తాను.
పళ్లు.